భాగస్వామికి పిల్లి పడకపోతే: పెంపుడు పిల్లులను మరో ఇంటికి చేర్చడం ఎలా?

ఇంట్లో ఎన్నో ఏళ్లుగా పిల్లులున్నాయి, కలిసి ఉండటం మొదలుపెట్టాక భాగస్వామికి తుమ్ములు, కళ్ల దురద, రాత్రిపూట దగ్గు పట్టుకున్నాయి, మందులు వాడినా పూర్తిగా తగ్గడం లేదు, ఇప్పుడు పిల్లులను ఎవరికి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి? ఇంచుమించు ఇవే మాటలతో ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మా ఇంట్లోనూ రెండు పిల్లులుండేవి, మావారికి అవి పడలేదు, కాబట్టి ఈ దారిలో ఎక్కడ కాలు జారుతుందో నాకు కొంత తెలుసు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబును ఇక్కడ ఒక వరుసలో రాస్తున్నాను.

ఇది ఒక సెలవు రోజున ముగించే పని కాదు. నిర్ధారణకు, మంచి ఇల్లు వెతకడానికి, అప్పగించడానికి కలిపి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు పెట్టుకోండి. పిల్లి వెళ్లిన తర్వాత ఇంట్లో మిగిలిపోయిన అలర్జీ కారకం తగ్గడానికి ఇంకో నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

హెచ్చరిక: భాగస్వామికి ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు ఉంటే పై గడువులు మీకు వర్తించవు. (ఆ ఈల శబ్దానికి మన భాషలో పిల్లికూతలని పేరుండటం ఇక్కడ వింతగా తోస్తుంది గానీ, అది శ్వాసనాళాలు ఇరుకయ్యాయనడానికి గుర్తు, తేలిగ్గా తీసుకోవలసినది కాదు.) అలాంటప్పుడు పిల్లులను వెంటనే తెలిసినవారి ఇంట్లో తాత్కాలికంగా ఉంచి, ముందు వైద్యుణ్ణి కలవండి. ఊపిరి అందక ఒక వాక్యం కూడా పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలం రంగుకు తిరుగుతున్నా ఆలస్యం చేయకుండా అత్యవసర చికిత్సకు తీసుకువెళ్లాలి.

కావలసినవి

- లక్షణాలు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం
- అలర్జీ పరీక్ష ఫలితం
- పిల్లికొకటి చొప్పున గట్టి క్యారియర్ (రెండు పిల్లులు ఎంత స్నేహంగా ఉన్నా ఒకే క్యారియర్‌లో పెట్టకూడదు)
- టీకాల కార్డు, సంతాన నిరోధక శస్త్రచికిత్స కాగితం, మైక్రోచిప్ (గుర్తింపు కోసం పిల్లి చర్మం కింద పెట్టే చిన్న చిప్) ఉంటే దాని నంబరు
- పిల్లి ఇప్పుడు తింటున్న ఆహారం రెండు వారాలకు సరిపడా, వాడుతున్న లిట్టర్ బాక్సు (పిల్లి మలమూత్రాలకు వాడే పెట్టె), అదే రకం లిట్టర్ (అందులో పోసే గుళికలు)
- పిల్లి పడుకునే పాత దుప్పటి, ఉతకకుండా
- స్పష్టమైన ఫోటోలు, ఒక చిన్న వీడియో
- ఒప్పంద పత్రం రెండు ప్రతులు
- హెపా ఫిల్టర్ (సూక్ష్మ రేణువులను పట్టి ఉంచే వడపోత) ఉన్న వాక్యూమ్ క్లీనర్, ఎన్-95 మాస్కులు

1. పడనిది పిల్లేనని ముందు తేల్చుకోండి

చాలామంది ఈ అడుగును దాటవేస్తారు, ఆ తర్వాత అత్యధికంగా బాధపడేది కూడా వాళ్లే. పిల్లులను ఇచ్చేసి ఆరు నెలలు గడిచాక కూడా తుమ్ములు తగ్గకపోతే, అప్పుడు పరీక్ష చేయించుకుని దుమ్ము పురుగులకు అలర్జీ ఉందని తెలిస్తే, వెళ్లిన పిల్లి తిరిగి రాదు.

సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు. అలర్జీకి ప్రధాన కారణం పిల్లి వెంట్రుక కాదు, ఫెల్ డి 1 అనే ప్రోటీన్. అది పిల్లి చర్మంలోని తైల గ్రంథుల్లోనూ లాలాజలంలోనూ తయారవుతుంది. పిల్లి ఒళ్లు నాకినప్పుడు వెంట్రుకలకు అంటుకుని, ఎండి, కంటికి కనిపించని రేణువులుగా గాలిలోకి లేస్తుంది, గంటల తరబడి అక్కడే తేలుతుంది, గోడలకూ పరుపులకూ బట్టలకూ పట్టుకుంటుంది. అందువల్ల వెంట్రుకలు కత్తిరించినంత మాత్రాన అలర్జీ పోదు, వెంట్రుకలు లేని జాతి పిల్లి ఒంటి నుంచి కూడా అది వస్తూనే ఉంటుంది.

అలర్జీ నిపుణుడు రెండు రకాల పరీక్షల్లో ఒకటి చేయిస్తారు. చర్మ పరీక్షలో ముంజేతి మీద కారకాల చుక్కలు వేసి సన్నగా గుచ్చి, పావుగంట నుంచి ఇరవై నిమిషాల తర్వాత దద్దురు లేచిందో లేదో చూస్తారు. ఈ పరీక్షకు కొన్ని రోజుల ముందే యాంటీహిస్టమిన్ మాత్రలు (తుమ్ములు, దురద తగ్గించే అలర్జీ మాత్రలు) ఆపాలి, ఎన్ని రోజులన్నది వైద్యుడే చెప్పాలి. మాత్ర వేసుకుని వెళితే ఫలితం తప్పుగా రావచ్చు. మాత్రలు ఆపలేనివారికి రక్తంలో ఐజీఈ (అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ) పరీక్ష ఉంది. ఏది చేయించినా పిల్లితో పాటు దుమ్ము పురుగులు, బొద్దింకలు, బూజు, పుప్పొడి కూడా చూడమని అడగండి.

పరీక్షలో పిల్లి అని వచ్చినంత మాత్రాన లక్షణాలన్నీ దానివల్లేనని చెప్పలేం, నిత్య జీవితంలోని లక్షణాలు దానితో సరిపోలాలి. దీన్ని తేల్చుకోవడానికి ఎక్కువమంది చేసే ప్రయోగం తలకిందులుగా ఉంటుంది. పిల్లిని నాలుగు రోజులు స్నేహితుల ఇంట్లో వదిలి, తుమ్ములు తగ్గలేదు కాబట్టి కారణం పిల్లి కాదని తేల్చేస్తారు. పిల్లి వెళ్లినా దాని ప్రోటీన్ నెలల తరబడి ఇంట్లోనే ఉంటుందని మరచిపోతారు. ఇల్లు దాటించవలసింది పిల్లిని కాదు, మనిషిని. భాగస్వామిని పిల్లులు లేని ఇంట్లో వారం, పది రోజులు ఉండమనండి. వెంట తీసుకువెళ్లే బట్టలన్నీ అప్పుడే ఉతికినవై ఉండాలి, లేకపోతే పిల్లి కూడా వారితో వెళ్లినట్టే లెక్క.

ఈ పది రోజులకు ముందు వారం, ఆ పది రోజులు, తిరిగి వచ్చిన తర్వాతి వారం, రోజుకు రెండుసార్లు నాలుగు విషయాలకు సున్నా నుంచి మూడు వరకు మార్కులు వేయండి: ముక్కు, కళ్లు, దగ్గు లేదా ఆయాసం, చర్మం. ఆ రోజు వేసుకున్న మందు కూడా పక్కనే రాయండి. బయట ఉన్నప్పుడు మార్కులు క్రమంగా తగ్గి, ఇంటికి వచ్చిన కొద్ది గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో మళ్లీ పెరిగి, పరీక్ష కూడా పిల్లినే చూపిస్తే ఇక సందేహించనక్కరలేదు.

2. పంపాలా వద్దా అన్నది ఒక తేదీ పెట్టుకుని తేల్చండి

లక్షణాలు తీవ్రంగా లేకపోతే, పిల్లులు ఉండగానే ఎనిమిది వారాలు గట్టిగా ప్రయత్నించి చూడవచ్చు (ఇవి మొదట్లో చెప్పిన గడువుకు అదనం). వైద్యుడి సలహాతో ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే ప్రతిరోజూ వాడాలి. దాని పూర్తి ఫలితం కనిపించడానికి రెండు వారాల వరకు పట్టవచ్చు, నాలుగో రోజున పనిచేయలేదని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. పడకగదిలోకి పిల్లిని పగలూ రాత్రీ రానివ్వకూడదు, గది కొలతకు సరిపోయే హెపా ఎయిర్ ప్యూరిఫైయర్‌ను అక్కడే నడపాలి. పిల్లి లాలాజలంలోని ఫెల్ డి 1ను కొంతవరకు నిర్వీర్యం చేసే గుడ్డు యాంటీబాడీలు కలిపిన పిల్లి ఆహారం దొరుకుతోంది, దాని ప్రభావం మూడో వారం నుంచి కనిపిస్తుంది, అయితే అది కారకాన్ని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తీసివేయదు. పిల్లికి స్నానం చేయించడం వల్ల వచ్చే లాభం కొద్ది రోజుల్లోనే కరిగిపోతుంది, పిల్లికి మాత్రం మీ మీద కోపం మిగులుతుంది. అలర్జీ ఇంజెక్షన్ల చికిత్స మూడు నుంచి ఐదేళ్లు సాగుతుంది, ఆ ఓపిక ఇద్దరికీ ఉంటేనే మొదలుపెట్టండి.

ఎనిమిదో వారం చివరి తేదీని ఇప్పుడే నోటుపుస్తకంలో రాసుకోండి. తేదీ లేని ప్రయత్నం ఏళ్ల తరబడి సాగి, భాగస్వామికి ఆస్తమాగా ముదిరిన సందర్భాలున్నాయి. ఒకసారి పంపాలని నిర్ణయించుకున్నాక అది ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయంగానే అందరికీ చెప్పండి. "నీ కోసం నా పిల్లిని వదులుకున్నాను" అన్న మాట ఒక్కసారి నోరు జారితే, ఏ యాంటీహిస్టమిన్‌కూ లొంగని దురద మొదలవుతుంది. ఇల్లు వెతికే పనిని పిల్లులకు దగ్గరైనవారే నెత్తిన వేసుకోవాలి. పడనివారికి లిట్టర్ ఎత్తడం, దువ్వడం వంటి పనులు ఈ రోజు నుంచే తప్పించండి.

3. ఆరోగ్య పనులు ముందే ముగించండి

పశువైద్యుడి దగ్గర పూర్తి పరీక్ష, బాకీ పడిన టీకాలు, పురుగుల మందు, బరువు. సంతాన నిరోధక శస్త్రచికిత్స కాకపోతే తప్పకుండా చేయించి, కోలుకున్నాకే పంపండి, ఎందుకంటే ఆడపిల్లి గర్భం దాల్చిన రెండు నెలల్లోనే ఈనుతుంది, ఆ కూనలు ఎవరి ఇంటికి వెళ్లినా వాటికి మీరు బాధ్యత వహించలేరు. పిల్లి వెళ్లబోయే ఇంట్లో వేరే పిల్లులుంటే ఎఫ్‌ఐవీ, ఫీలైన్ ల్యుకేమియా (పిల్లి నుంచి పిల్లికి అంటే వైరస్ జబ్బులు) పరీక్షలు కూడా చేయించడం మంచిది. ఉన్న జబ్బును దాచి ఇవ్వకండి, దాచినందువల్ల పిల్లి నెల తిరక్కుండానే మీ గుమ్మం ముందుకు తిరిగి వస్తుంది, ఒక్కోసారి రాదు కూడా, వీధిలోకి వెళుతుంది.

4. పిల్లి గురించి రెండు పేజీలు రాయండి

ఇది టీకాల కార్డు కంటే ఎక్కువగా ఉపయోగపడే కాగితం. వయసు, బరువు, తినే వేళలు, మందులు రాయడం ఎవరికైనా తోస్తుంది. మీకు తప్ప ఇంకెవరికీ తెలియనివి రాయాలి. మా పెద్దపిల్లి నీళ్ల గిన్నెను అన్నం గిన్నె పక్కన పెడితే ముట్టదు, నాలుగడుగుల అవతల పెడితే తాగుతుంది. తోక చివరను మాత్రమే కొట్టుతున్నప్పుడు దాన్ని తాకితే గోరు పడుతుంది. మిక్సీ శబ్దం వింటే వాషింగ్ మెషీన్ వెనక దూరి, పిలిచినా రాదు, ట్రీట్ల డబ్బా రెండుసార్లు గలగలలాడిస్తే వస్తుంది. ఈ చివరి వాక్యం రాసి ఇవ్వడం వల్లే కొత్త ఇంట్లో రెండో రోజు రాత్రి దాన్ని అలమరా సందులోంచి బయటికి రప్పించగలిగారు.

పిల్లి చేసే తప్పులు కూడా రాయండి. సోఫా గోకుతుందా, తెల్లవారుజామున అరుస్తుందా, పసిపిల్లల మీద బుసకొడుతుందా, లిట్టర్ బాక్సు మురికిగా ఉంటే పక్కన మూత్రం పోస్తుందా? పొగడ్తలు మాత్రమే ఉన్న కాగితం చూసి పిల్లిని తీసుకున్నవారు మొదటి తప్పుకే నిరుత్సాహపడతారు.

రెండు పిల్లులుంటే అవి జంటగా వెళ్లాలా అన్నది కూడా ఈ దశలోనే తేల్చాలి. ఒకదాని మీద ఒకటి పడుకోవడం, ఒకదాన్నొకటి నాకడం, ఒకటి కనిపించకపోతే రెండోది వెతుకుతూ అరవడం రోజూ చూస్తుంటే వాటిని విడదీయకండి, ఇల్లు దొరకడం ఆలస్యమైనా సరే. ఒకే ఇంట్లో ఉంటూ ఎవరి మూలన అవి పడుకునే పిల్లులైతే విడివిడిగా పంపడమే వాటికి సుఖం. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలంటారు గానీ, ఎదిగిన పిల్లిని ఇల్లు మార్చడం దానికి పెద్ద దెబ్బే, ఆ దెబ్బలో తోడు ఉంటే కొంత తేలిక.

5. ఎవరికి ఇవ్వాలి?

ముందు మీకు తెలిసినవారు, పిల్లికి ఇప్పటికే తెలిసినవారు. తర్వాత వాళ్లకు తెలిసినవారు. ఆ తర్వాత మీ పశువైద్యుడి సిఫారసు, జంతు సంరక్షణ సంస్థల దత్తత కార్యక్రమాలు. చిట్టచివరగా ప్రకటన. షెల్టర్‌కు నేరుగా అప్పగించాలనుకుంటే అక్కడ ఎన్ని పిల్లులున్నాయో, ఎంత కాలం ఉంచుకుంటారో, దత్తత కాకపోతే ఏం చేస్తారో ముందే అడిగి, స్వయంగా వెళ్లి చూడండి. వయసు మళ్లిన పిల్లికి లేదా జబ్బుతో ఉన్న పిల్లికి షెల్టర్ కంటే ఏ బంధువుల ఇంట్లోనో తాత్కాలిక వసతి మేలు.

ఎట్టి పరిస్థితుల్లోనూ పిల్లిని వీధిలో, గుడి దగ్గర, మార్కెట్ దగ్గర, పొలాల్లో వదలకండి. "ఎలాగోలా బతుకుతుంది" అన్నది మన మనసుకు మనం చెప్పుకునే అబద్ధం. ఇంట్లో పెరిగిన పిల్లికి వాహనాలు, కుక్కలు, తిండి వెతుక్కోవడం ఏవీ తెలియవు. పెంపుడు జంతువును వదిలేయడం చాలా దేశాల్లో నేరం కూడా.

ప్రకటన ఇచ్చినప్పుడు "ఉచితం" అని రాయకండి. ఉచితమంటే ఆలోచించకుండా తీసుకునేవారు, దుర్వినియోగం చేసేవారు కూడా వస్తారు. నామమాత్రపు రుసుము అడగండి, అవసరమైతే ఆ డబ్బును పిల్లి ఆహారంగానే తిరిగి ఇవ్వవచ్చు. ఎందుకు ఇస్తున్నారో దాచకుండా రాయండి: ఇంట్లో ఒకరికి అలర్జీ, పిల్లిలో ఏ లోపం లేదు. ఇంటి చిరునామా మాత్రం ప్రకటనలో పెట్టకండి.

6. తీసుకునేవారిని ఓపికగా ప్రశ్నించండి

మొహమాటం వద్దు. మంచి మనుషులు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు, వాళ్లే మీకు ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా "ఈ రోజే తీసుకుపోతాను" అనేవారిని నేను మాత్రం నమ్మను.

అడగవలసినవి ఇవి. ఇంట్లో ఎవరెవరున్నారు, అందరికీ ఇష్టమేనా? ఎవరికైనా అలర్జీ ఉందా? (అలర్జీ వల్ల ఇల్లు మారుతున్న పిల్లి మరో అలర్జీ ఇంటికి చేరిన సందర్భం నేను చూశాను, కాబట్టి కుటుంబమంతా మీ ఇంటికి వచ్చి గంటసేపు పిల్లితో కూర్చోమనండి.) అద్దె ఇల్లయితే యజమాని అనుమతి ఉందా? ఇంతకుముందు పెంచిన జంతువులు ఏమయ్యాయి? ఊరికి వెళితే ఎవరు చూస్తారు? పై అంతస్తులో ఉంటే కిటికీలకు, బాల్కనీకి గట్టి జాలీ ఉందా? బిడ్డ పుడితే, ఉద్యోగం మారితే ఏం చేస్తారు? కడపటి ప్రశ్నకు వచ్చే జవాబుకంటే, జవాబు చెప్పే ముందు వాళ్లు ఎంతసేపు ఆలోచించారన్నది చూడండి.

తర్వాత మీరు వాళ్ల ఇంటికి వెళ్లండి. వెళ్లలేకపోతే వీడియో కాల్‌లో గదులు, కిటికీలు చూపించమనండి. పూలకుండీల్లో లిల్లీలుంటే పిల్లి రాకముందే తీసివేయమని చెప్పండి, నిజమైన లిల్లీల (లిలియం జాతి) పుప్పొడి కొద్దిగా ఒంటికి అంటుకుని, దాన్ని నాకినా పిల్లి మూత్రపిండాలు పాడవుతాయి. పారాసిటమాల్ వంటి మనుషుల మందులు పిల్లికి ప్రాణాంతకమన్న సంగతి కూడా అప్పుడే చెప్పాలి.

ఒప్పంద పత్రం ఒక పేజీ చాలు. పిల్లి వివరాలు, అప్పగించిన తేదీ, పెంచలేని పరిస్థితి వస్తే మూడోవారికి ఇవ్వకుండా ముందు మీకు చెప్పాలన్న షరతు, మొదటి మూడు నెలల్లో ఫోటోలు పంపడానికి అంగీకారం, ఇద్దరి సంతకాలు. దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లేవారు అరుదే అయినా, సంతకం పెట్టేటప్పుడు చెయ్యి తడబడేవారు అక్కడే ఆగిపోతారు.

7. అప్పగించే రోజు

క్యారియర్‌ను రెండు మూడు వారాల ముందే తలుపు తెరిచి ఇంట్లో ఉంచి, లోపల పాత దుప్పటి పరచి, ట్రీట్లు అందులోనే పెట్టండి. చివరి నిమిషంలో అటక మీంచి దింపిన క్యారియర్‌ను చూడగానే మంచం కింద దూరిన పిల్లిని పట్టుకోవడానికి ఇంటిల్లిపాదీ తిరిగితే, ఆ భయంతోనే అది కొత్త ఇంట్లో అడుగుపెడుతుంది.

ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందు కొద్దిగా మాత్రమే తినిపించండి. మత్తు మందు పశువైద్యుడు రాసిస్తే తప్ప ఇవ్వకూడదు. వాహనంలో క్యారియర్ మీద పల్చటి గుడ్డ కప్పండి, గాలి ఆడాలి. కొత్త ఇంటికి మీరే తీసుకువెళ్లండి, అయితే గంటల తరబడి అక్కడ కూర్చోవద్దు. దుప్పటి, లిట్టర్ బాక్సు, ఆహారం, రెండు పేజీల కాగితం అప్పగించి, క్యారియర్ తలుపు తెరిచి, పిల్లిని బయటికి లాగకుండా అరగంటలో బయలుదేరండి. మైక్రోచిప్ ఉంటే యజమాని వివరాలు అదే రోజు మార్పించండి, చాలామంది మరచిపోయేది ఇదే.

8. కొత్త ఇంటివారికి చెప్పవలసినవి

మొదట ఒకే గది. ఒక మూల లిట్టర్ బాక్సు, దానికి దూరంగా ఆహారం, నీళ్లు, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. దాక్కున్న పిల్లిని బయటికి లాగకూడదు. భయం తగ్గడానికి మూడు రోజులు, దినచర్య అలవాటు కావడానికి మూడు వారాలు, అది తన ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు అన్నది ఉజ్జాయింపు లెక్క. ఆహారం మార్చదలిస్తే పాతదానిలో కొత్తది కలుపుతూ వారం, పది రోజుల్లో మార్చాలి. ఆ ఇంట్లో వేరే పిల్లి ఉంటే తలుపు మూసే ఉంచి, ముందు ఒకదాని దుప్పటి మరొకదాని గదిలో పెట్టి వాసన అలవాటు చేయాలి, ముఖాముఖి తర్వాత. బయట తిరిగే అలవాటున్న పిల్లినైనా కనీసం మూడు, నాలుగు వారాలు గడప దాటనివ్వకూడదు, దాటితే పాత ఇల్లు వెతుక్కుంటూ తప్పిపోతుంది.

హెచ్చరిక: ఇరవై నాలుగు గంటలు ఏమీ తినకపోతే మీకు ఫోన్ చేయమనండి, రెండో రోజు కూడా ముట్టకపోతే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. పిల్లి రోజుల తరబడి పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది, లావుగా ఉన్న పిల్లికి ప్రమాదం ఎక్కువ. మగపిల్లి లిట్టర్ బాక్సులో మాటిమాటికీ కూర్చుని మూత్రం రాక అవస్థ పడుతుంటే తెల్లవారేదాకా ఆగకూడదు, వెంటనే తీసుకువెళ్లాలి.

9. ఇల్లు శుభ్రం చేయండి, ఒకసారి కాదు

"పిల్లులను ఇచ్చేసి నెలైంది, అయినా తుమ్ములు తగ్గలేదు, తప్పు చేశామా?" అన్నది నన్ను అడిగే రెండో ప్రశ్న. తప్పు చేయలేదు, ఇల్లు ఇంకా పిల్లి ఇల్లుగానే ఉంది. ఏమీ చేయకుండా వదిలేస్తే కారకం పిల్లులు లేని ఇళ్ల స్థాయికి దిగడానికి ఐదారు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. శ్రద్ధగా శుభ్రం చేస్తే ఆ కాలం తగ్గుతుంది.

మొదటి శుభ్రత రోజున భాగస్వామిని ఇంట్లో ఉంచకండి, కదిలిన ధూళి మొత్తం వాళ్ల ముక్కులోకే వెళుతుంది. మీరు ఎన్-95 మాస్కు వేసుకోండి. పైనుంచి కిందికి రండి: అలమరాల పైభాగాలు, ఫ్యాను రెక్కలు, ఏసీ ఫిల్టర్లు, గోడలు, తలుపులు, చివరకు నేల. పొడి చీపురుతో ఊడ్చకూడదు, తడిగుడ్డతో తుడవాలి. హెపా ఫిల్టర్ లేని వాక్యూమ్ క్లీనర్ సూక్ష్మ రేణువులను వెనకవైపు నుంచి మళ్లీ గాలిలోకే చిమ్ముతుంది.

కార్పెట్ తీసివేయగలిగితే తీసివేయండి, ఇంట్లో అన్నిటికంటే పెద్ద నిల్వ అదే. పరుపు మార్చలేకపోతే అలర్జీ కారకాలు దాటలేని జిప్పు కవరు తొడగండి. తెరలు, దుప్పట్లు, దిండు గలీబులు, సోఫా కవర్లు ఉతకండి. గోకుడు స్తంభం, పిల్లి పరుపు, మిగిలిన బొమ్మలు జ్ఞాపకంగా దాచుకోవాలనిపిస్తుంది, ఒకటి దాచుకోండి, అది కూడా మూత బిగించిన డబ్బాలో. కారు సీట్లు మరువకండి.

అలమరాలో మడతపెట్టిన బట్టల సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పిల్లులు వెళ్లిన నాలుగో నెలలో, అంతా బాగుందనుకుంటున్న రోజున, చలికి పై అరలోంచి ఒక ఉన్ని శాలువా తీసి కప్పుకున్నాను. పక్కన కూర్చున్న మావారు పది నిమిషాల్లో వరుసగా తుమ్మడం మొదలుపెట్టారు. దీపం వెలుగులో చూస్తే అంచు కుచ్చుల్లో బూడిదరంగు వెంట్రుకలు. కాబట్టి అప్పుడప్పుడు మాత్రమే తీసే శాలువాలు, కోట్లు, సూట్‌కేసులు, అదనపు దుప్పట్లు కూడా మొదటి వారంలోనే ఉతికించండి.

ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు నెలలపాటు వారానికొకసారి తడిగుడ్డ, వాక్యూమ్, పక్కబట్టల ఉతుకు మానకూడదు.

ఫలితం ఎలా చూసుకోవాలి?

భాగస్వామి విషయంలో మళ్లీ అదే నోటుపుస్తకం. రోజువారీ మార్కులను బట్టి కాకుండా వారపు సగటును చూడండి, ఎందుకంటే ఒక్క జలుబు వచ్చినా రోజు మార్కులు తలకిందులవుతాయి. రెండో నెల నుంచి సగటు మెల్లగా దిగుతూ ఉండాలి. మార్కులు తగ్గాయని మందులు సొంతంగా ఆపకండి, ముఖ్యంగా ఆస్తమా ఇన్హేలర్‌ను. ఆరు నెలలు నిండినా మార్పు లేకపోతే మూడు చోట్ల వెతకండి: ఉతకని వస్తువు ఏదైనా మిగిలిందా, పిల్లులున్న ఇంటి నుంచి లేదా సహోద్యోగి బట్టల ద్వారా కారకం రోజూ వస్తోందా, దుమ్ము పురుగుల వంటి రెండో అలర్జీ ఉందా? మూడోది తేల్చవలసింది వైద్యుడే.

పిల్లి విషయంలో మూడో రోజు, మూడో వారం, మూడో నెల కబురు తెప్పించుకోండి. "బాగుంది" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. తింటోందా, లిట్టర్ బాక్సులోనే వెళుతోందా, ఒళ్లు నాక్కుంటోందా, గది మధ్యలో పడుకుంటోందా అని విడివిడిగా అడగండి. గది మధ్యలో వెల్లకిలా పడుకున్న ఫోటో వచ్చిందంటే అది కుదురుకుందని అర్థం. నెలకోసారి బరువు చూడమనండి, అప్పగించిన రోజు బరువులో పదో వంతు తగ్గితే పశువైద్యుడికి చూపించాలి. మూడో వారం దాటినా రోజంతా దాక్కునే ఉంటే తొందరపడి వెనక్కి తెచ్చుకోకుండా, దాన్ని మళ్లీ ఒకే గదికి పరిమితం చేసి, పరిచయాన్ని మొదటినుంచి మొదలుపెట్టమని చెప్పండి.

పిల్లిని చూడటానికి వెళ్లాలనుకుంటే మొదటి నెల ఆగండి, అది కొత్త మనుషులకు అలవాటుపడుతున్న సమయం. తర్వాత వెళ్లవచ్చు. అది ఒళ్లోకి వస్తుంది, మెడ దగ్గర తల రుద్దుతుంది, మీరు వద్దనలేరు. అందుకని ఒక జత బట్టలు కారులోనే ఉంచుకోండి. ఇంటికి చేరగానే సోఫాలో కూర్చోకముందే వేసుకున్నవి నేరుగా వాషింగ్ మెషీన్‌లో వేసి, తలస్నానం చేసి, ఆ తర్వాతే భాగస్వామికి ఫోటోలు చూపించండి.